బద్దె తీసిన రేకు

రేకుల షెడ్డు,
టీ గంట వేళ

మరదలు మహారాణికి,

నీ బావ ఆశీస్సులు. అక్కర్లేకపోతే మడిచి వెనక్కి పంపు, ఇంకెవరికైనా వాడుకుంటాను.

ఫోన్ ఎందుకు చెయ్యడని మీ అక్క దగ్గర సణిగావట. ఇన్నేళ్ళుగా రివెట్ సుత్తి పక్కన తలపెట్టి బతికినవాడి చెవులు ఎలా ఉంటాయో తెలిసీ అడుగుతావా? నువ్వు ఫోన్లో మాట్లాడితే నాకు రేకు మీద గులకరాళ్ళు పోసినట్టుంటుంది. కాగితం మీదైతే, తిట్టినా స్పష్టంగా తిడతావు.

ఇక కబురు. మా రేవులో తిరిగే పాత లాంచీ నీకు తెలుసుగా. పై అంతస్తు మరీ బరువు. జనం ఒక పక్కకి జరిగితే చాలు, తాగినవాడిలా తూలేది. దాన్ని తీసేసి కొత్తది కడుతున్నారు. ఆ కొత్తదాని పై అంతస్తు నేల మా షెడ్డుకి వచ్చింది. పలచటి అల్యూమినియం రేకు, దాని వెనక వరసగా బద్దెలు పెట్టి రివెట్లు కొట్టాలి. ముందు నుంచి చూస్తే చక్కటి పలక, వెనక నుంచి చూస్తే బక్కవాడి పక్కటెముకలు. బరువు తక్కువుండాలి, బలం ఎక్కువుండాలి అంటున్నారు. మా యజమానికేమో జీతం తక్కువుండాలి, పని ఎక్కువుండాలి. ఇద్దరిదీ ఒకటే సిద్ధాంతం.

మీ అక్క రోజూ అవతలి గట్టున ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటికి ఆ లాంచీలోనే కదా పోవాలి. "కొత్తది వస్తే నేను పైనే కూర్చుంటా, గాలొస్తుంది" అని ఇప్పట్నుంచే చోటు ఖాయం చేసుకుంది.

పలకలు పరీక్షకి వచ్చేది నీ దగ్గరికేనని తెలిసి మా యజమాని నన్ను ఫోర్‌మన్‌ని చేసి తన చేత్తో కుర్చీ వేశాడు. కూర్చున్నాను. దానికో కాలు పొట్టి. సరే, మొదటి విడత పలకల వెనక సుద్దముక్కతో నీకో మాట రాశాను. చూసి నవ్వకపోతే నీకూ వెనక బద్దెలు బిగించేశారనుకుంటాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క బావ

*

పరీక్షశాల,
పెద్ద ప్రెస్ ఉన్న గది

బావా,

నీ మాట నాకన్నా ముందు మా పరీక్షశాల పెద్దాయన చూశారు. కళ్ళద్దాలు సర్దుకుని "నెమ్మదిగా నొక్కు తల్లీ, ఎముకలు తేలిన పిల్ల" అని పైకి చదివి, "ఇది షెడ్డువాళ్ళ సాంకేతిక సూచనా?" అన్నారు. "కాదండీ, మా బావ" అన్నాను. అదేదో జబ్బు పేరైనట్టు జాలిగా తలూపారు.

నవ్వాను బావా. కానీ పలకని నొక్కి బలం చూసే ఆ ప్రెస్‌లో పెట్టాక నవ్వు పోయింది.

పైన జనం నిలబడితే నేల కాస్త కుంగుతుంది. కుంగినప్పుడు పై రేకు రెండు అంచుల నుంచీ లోపలికి నొక్కుకుంటుంది. పోస్టుకార్డుని రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి నొక్కినట్టన్నమాట. కార్డు చిరగదు, విరగదు, ఠక్కున పక్కకి ఉబ్బుతుంది. అలా ఉబ్బకుండా ఆపడానికే వెనక బద్దెలు. మీరు పంపిన పలకలో ముందు బద్దెకీ బద్దెకీ మధ్య రేకు అలలు తిరిగింది. తర్వాత బద్దెలు పక్కకి మెలికపడ్డాయి. ఆ తర్వాత మొత్తం మడతపడిపోయింది. నేను లెక్కగట్టినదానికి చాలా ముందే.

ఇంకో బద్దె పెట్టొచ్చు, బరువు పెరుగుతుంది. అందుకని బద్దె ఆకారమే మారుద్దామనుకుంటున్నాను. బొమ్మ గీసి పంపుతున్నాను. అంచు లోపలికి మడవండి, మడత ఉన్న బద్దె అంత తేలిగ్గా మెలికపడదు. రివెట్లు కూడా దగ్గర దగ్గరగా వెయ్యండి, లేకపోతే రివెట్‌కీ రివెట్‌కీ మధ్య రేకు లేచిపోతోంది.

నీకొక్కడికే ఒక సంగతి. ఇక్కడ నాది ఇంకా ఖాయమైన ఉద్యోగం కాదు. ఈ లాంచీ పని నెగ్గితే ఉంచుతారు, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటారు. అక్కకి చెప్పకు. చెబితే నాకన్నా ముందు తను నిద్ర మానేస్తుంది.

నీ మరదలు

*

రేకుల షెడ్డు,
తుడిచిన బల్ల మీద

మరదలా,

నీ బొమ్మ ప్రకారం బద్దె అంచు మడిచాం. చూడ్డానికి సొరుగు పిడిలా ఉంది. రివెట్లు దగ్గరగా వేస్తుంటే మా గురక ఒకటే గోల. గురకంటే నా జోడీ. నేను ఇటు సుత్తి కొడితే అటు ఇనప దిమ్మ అదిమిపట్టేవాడు. నిలబడే నిద్రపోగలడు కాబట్టి ఆ బిరుదు. "నీ మరదల్ని బట్టలు కుట్టే షాపులో పెట్టాల్సింది. రేకుకి ఇన్ని కుట్లేంటి?" అంటాడు. "నీ నోటికి వేయించాల్సినవి పొరపాటున ఇటొచ్చాయిలే" అన్నాను.

యజమాని రోజుకి నాలుగుసార్లు వచ్చి పలకల్ని గోటితో కొట్టి చూస్తున్నాడు, పుచ్చకాయ కొనేవాడిలా. ఆయనకేం తెలుస్తుందో ఆయనకే తెలియదు.

ఉద్యోగం సంగతి చదివాక నాకు కాసేపు జోకు తోచలేదు. మీ అక్క "ఏంటీ, ఒంట్లో బాలేదా?" అని నుదురు పట్టుకుని చూసింది. ఏం చెప్పలేదులే, భయపడకు. నీ పలకల సంగతి నాకొదిలెయ్యి. ఈసారి వచ్చేవాటి ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు.

నీ బావ

*

పరీక్షశాల,
కిటికీ పక్క బల్ల

బావా బావా బావా,

నెగ్గాయి! అడిగినదానికన్నా చాలా ఎక్కువ మోశాయి. పెద్దాయన నా భుజం తట్టారు. ఆయన ఇంతకుముందు భుజం తట్టింది ఆ ప్రెస్‌ని మాత్రమేనట.

ఇంత మిగులుంటే పలకకో బద్దె తీసేసి బరువు ఇంకా తగ్గించొచ్చని ఆయనే అన్నారు. తీసేసి మళ్ళీ లెక్క కట్టాను. ఒక్క గ్రాము కూడా వృథా పోకుండా, రేకూ బద్దెలూ ఒకే బరువు దగ్గర చేతులెత్తేసేలా సరిపెట్టాను. పోయిన వారం నువ్వు పంపినవి ఆ రకానివే. అవీ నెగ్గాయి. నివేదిక మీద నా సంతకం, దాని కింద ఆయన సంతకం పడ్డాయి. మీ షెడ్డుకి ఈపాటికి ఉత్తర్వు వచ్చే ఉంటుంది. ఉద్యోగం కూడా దాదాపు ఖాయం. అక్కకి ఇప్పుడు చెప్పొచ్చు.

ఒక్క విషయమే నచ్చలేదు. మొదటి విడత పలకలు పోయేముందు చెప్పి పోయేవి. రేకు అలలు తిరిగేది, కిర్రుమనేది, మనం వెనక్కి జరిగేవాళ్ళం. ఇవి చివరిదాకా నిలవ నీళ్ళలా కదల్లేదు. తర్వాత ఒక్కసారి ఢాం. బల్ల మీది కప్పు కిందపడి పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కప్పు పెంకులు ఏరాను.

అవునూ, రేకు అంత చదునుగా ఎలా వచ్చింది? ఏమైనా చేశావా?

నీ మరదలు

*

రేకుల షెడ్డు,
పలకల వరసల మధ్య

ఖాయమైన ఉద్యోగస్తురాలికి,

ఏం చేస్తాను, మంత్రం వేశాను. నీకు చెబితే పనిచెయ్యదు.

మీ అక్కకి చెప్పాను. మొదట ఏడ్చింది, తర్వాత ముందే చెప్పనందుకు నన్ను తిట్టింది, తర్వాత పక్కింటికెళ్ళి తనకి మొదట్నుంచీ తెలుసన్నట్టు చెప్పింది.

ఇక్కడ పరుగే పరుగు. లాంచీ నీళ్ళలోకి దిగే రోజు పెట్టేశారట. కొత్తవాళ్ళని తెచ్చారు. పలక ఒక చివర పట్టుకుని రెండో చివరికి రివెట్లు కొట్టుకుంటూ పోవడమే, వెనక్కి చూసేది లేదు. సాయంత్రానికి షెడ్డు పలకలతో నిండిపోతోంది. నా ఫోర్‌మన్ కుర్చీ ఎక్కడుందో కనిపించడం లేదు.

అసలు తమాషా విను. ఈ కొత్త పలకల్లో చాలావాటికి బద్దెల మధ్య బొటనవేలితో నొక్కితే 'టప్' మని లోపలికి పోతుంది. వెనక నుంచి నొక్కితే 'టప్' మని బయటికొస్తుంది. అచ్చం డబ్బా మూతే. నిన్న యజమాని గ్లాసుతో ఈ వరసల మధ్య నడుస్తుంటే, నేను వెనక నక్కి, ఆయన చెవి దగ్గరికి రాగానే ఒకటి నొక్కాను. టప్! గెంతాడు చూడూ, టీ మొత్తం చొక్కా మీదే. "ఎవడ్రా అది?" అన్నాడు. "పలకండీ, తమర్ని చూసి నవ్వింది" అన్నాను. ఇప్పుడు షెడ్డంతా ఇదే ఆట. గురక రెండు చేతులతో తాళం వేస్తున్నాడు, నిద్రలో.

నీ పెద్దాయనకి కూడా ఒకటి పంపమంటావా?

నీ బావ

*

పరీక్షశాల

బావగారికి,

మీ ఉత్తరం అందింది. దయచేసి హాస్యం లేకుండా జవాబు రాయండి.

నొక్కితే టప్పుమనే పలకలు ఎన్నింటిలో ఎన్ని? నాకు పంపినవాటిలో ఒక్కటి కూడా అలా లేదు, ఎందుకని? నాకు పంపినవి ఎవరు చేశారు, ఎలా చేశారు? టప్పుమనేవి లాంచీకి బిగించేశారా?

వెంటనే రాయండి.

*

ఇల్లు,
వంటగది గట్టు

మరదలికి,

'మీరు' అన్నావు. నీ జడ లాగినందుకు నన్ను కొరికిన వయసులో కూడా 'నువ్వు' అనే కొరికావు.

సరే, హాస్యం లేకుండానే రాస్తున్నాను. చదవడానికి చప్పగా ఉంటే నన్నడక్కు.

సగం పైగా టప్పుమంటాయి. నీకు పంపినవి నేనే చేశాను, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. రేకుల కట్టలోంచి ఏ వంకరా లేనిది ఏరాను. ఇసుక సంచులు పెట్టి రాత్రంతా బల్లకి అణిచి ఉంచాను. రివెట్లు మధ్యలో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి వేసుకుంటూ అంచులకి పోయాను. అలా చేస్తే రేకులోని వదులు బయటికి జారిపోతుంది. ఒక చివర్నుంచి కొట్టుకుంటూ పోతే ఆ వదులంతా లోపలే చిక్కుకుని ఉబ్బు తేలుతుంది. ఆ తర్వాత చెక్కసుత్తితో తట్టి సరిచేశాను. అలా చాలా చేసి, అందులో బాగున్నవి పంపాను. మిగతావి లాంచీకి పోయాయి.

ఇది నేను కనిపెట్టిన దొంగతనమేం కాదు. పరీక్షకి పోయే పలకని ముస్తాబు చేసి పంపడం ఈ షెడ్డులో నేను చేరకముందు నుంచీ ఉంది. ఫోటో దిగేముందు నువ్వు తల దువ్వుకోవా? పైగా ఈసారి నీ ఉద్యోగం. నీ కోసమని ఇంకాస్త దువ్వాను. అందులో తప్పేముంది? నీ లెక్క నెగ్గాలనేగా.

పలకలన్నీ బిగించేశారు. లాంచీ ఈ ఆదివారం మొదలు. నువ్విప్పుడు కాదూ కూడదంటే యజమాని షెడ్డుకి తాళం పెడతాడు, నీ పెద్దాయన నీకు పెడతాడు. ఇన్ని లాంచీలు తిరుగుతున్నాయి, ఏ లాంచీ నేలైనా మడతపడిందా? ఏం కాదులే. నోరు మూసుకుని కూర్చో. నేనూ కూర్చుంటాను, నాకది ఎంత కష్టమో నీకు తెలుసుగా.

బావ

*

పరీక్షశాల,
మెట్ల కింద గది

బావా,

ఆ ఉత్తరం కోపంతో రాయలేదు. భయంతో రాశాను. భయమేస్తే నేను మర్యాదగా మాట్లాడతాను, అదో రోగం.

నువ్వు చేసింది నా మీది ప్రేమతోనని తెలుసు. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నాను, తిట్టకుండానూ ఉండలేకపోతున్నాను. ఒక్కసారి ఓపిగ్గా విను.

పాత రకం పలక కాస్త వంకరగా ఉన్నా బతికిపోయేది. రేకు ముందు లొంగేది, బద్దెలు దాన్ని చాలాసేపు కాచుకునేవి. నేను తెలివి ఉపయోగించి రేకూ బద్దెలూ ఒకేసారి లొంగేలా చేశాను. ఇప్పుడు ఒకటి తప్పితే కాచుకోవడానికి రెండోది లేదు. అలాంటి పలక చదునుగా ఉన్నంతకాలమే గొప్పది. వేలి మందం వంకర ఉందా, బలం సగానికి పడిపోవచ్చు. నీ పలకల్లో వంకర లేదు, అందుకని మిగులు కనిపించింది. ఆ మిగులు చూసుకునే కదా బద్దె తీసేశాను! ఆ మిగులు రేకులో లేదు బావా, నీ చేతిలో ఉంది. నీ చెయ్యి లాంచీలో లేదు.

షెడ్డులో మామూలుగా తయారైన పలకలు తెప్పించి మళ్ళీ పరీక్షిద్దామని పెద్దాయన్ని అడిగాను. "సంతకాలయ్యాక పరీక్షలేమిటమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డారు, అంతే.

నాకొక పలక కావాలి. ఏరొద్దు, దువ్వొద్దు. కొత్తవాళ్ళు చేసింది, బాగా నవ్వేది. ఎలా పంపుతావో నాకు తెలియదు. ప్రెస్ మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంది. నేను చూసుకుంటాను.

నీ మరదలు

*

రేకుల షెడ్డు,
గేటు పక్కన

మరదలా,

పలక వస్తోంది. బిగించగా షెడ్డులో మిగిలినదాన్ని "కోళ్ళగూటికి పైకప్పు" అని చెప్పి తీసుకెళ్ళాను. "నీకు కోళ్ళెక్కడివయ్యా?" అన్నాడు గేటుమనిషి. "ముందు గూడు కడితే అవే అద్దెకొస్తాయి" అన్నాను. వదిలేశాడు. మేం చేసిన వంద పలకల్లో ఇంత పోకిరీది ఇంకోటి లేదు. చిటికెన వేలితో నొక్కినా నవ్వుతుంది.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. లాంచీని ఉత్తినే ఒకసారి తిప్పి చూశారు. దుప్పట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళని ఎక్కించారు. మీ అక్క పైకెక్కి కూర్చుంది. ఇంటికొచ్చి ఏమందో తెలుసా? "భలే ఉందండీ, అడుగు వేస్తే కింద టపటపమంటుంది, నేల మనతో కబుర్లాడుతున్నట్టు" అంది. తింటున్న కంచం పక్కకి తోశాను.

"పైకెక్కకు" అన్నాను. "ఎందుకు?" అంది. "రేకు బలం చాలదు" అన్నాను. "మీరే కదా చేశారు" అని నవ్వింది. ఒట్టేశాను. "పోయినసారి ఇంట్లో పాము దూరిందని ఒట్టేసి నన్ను మంచమెక్కించారు" అంది. అదీ నిజమే.

యజమాని దగ్గరికెళ్ళి చెప్పాను. మొత్తం విని "ఈసారి ఎవరితో పందెం కాశావు?" అన్నాడు. లాంచీ నడిపే సరంగుకి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వి, ఇంకో నలుగుర్ని పిలిచి "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. నా మొహం చూసి ఇంకా నవ్వారు. ఏడుపు మొహం పెట్టడంలో నా అంతవాడు లేడట.

నీ మాట వింటారు. నువ్వు చదువుకున్నదానివి, జోకులు రానిదానివి. తొందరగా నొక్కి చూడు.

బావ

*

పరీక్షశాల

బావా,

నొక్కాను.

సగం కూడా మొయ్యలేదు. ఆదివారం పైన జనం కిక్కిరిసి, ఒకపక్కకి ఒరిగి నిలబడితే ఎంత బరువు పడుతుందో, దానికన్నా తక్కువలోనే మడతపడింది. ముందు ఏ సూచనా లేదు.

పెద్దాయనకి చూపించాను. చాలాసేపు ఆ మడతని వేలితో తడుముతూ కూర్చున్నారు. తర్వాత "ఇది మనకి అధికారికంగా వచ్చిన పలక కాదు" అన్నారు. "నివేదిక వెనక్కి తీసుకుంటే నీ ఒక్కదాని పేరు మీదే తీసుకోవాలి. అలా తీసుకున్నవాళ్ళని ఉంచమని నేను పైవాళ్ళని అడగలేను. ఆలోచించుకో" అన్నారు.

ఆలోచించుకుంటున్నాను. నాకు సిగ్గుగా ఉంది, ఇందులో ఆలోచించడానికేముందని. కానీ ఈ ఉద్యోగం కోసం ఎన్ని గుమ్మాలెక్కానో నీకు తెలుసు. ఈ గదిలో ఒక్క రాత్రి కూర్చోనీ.

అక్కని మాత్రం పైకి పోనివ్వకు. ఎలాగో నాకు తెలియదు, ఆపు.

*

రేవు పోలీసు గది,
పొడుగు బల్ల

మరదలా,

ఆపాను.

నా మాట ఎవరూ నమ్మరు కానీ నా చేతిలో పానా ఉంటే అందరూ నమ్ముతారు. శనివారం పట్టపగలు పనిముట్ల పెట్టె పట్టుకుని లాంచీ ఎక్కాను. "పై అంతస్తు మెట్లకి బోల్టులు వదులయ్యాయి, షెడ్డుకి పట్టుకెళ్ళి సరిచేసి తెస్తా" అని సరంగుతో అన్నాను. బోల్టులన్నీ విప్పేశాను. మెట్లు రెండో కొస పట్టుకుని తోపుడు బండి మీదికి ఎక్కించింది ఎవరనుకున్నావు? సరంగే. "వేళ్ళు నలుగుతాయి, జాగ్రత్త" అని కూడా అన్నాడు, మంచివాడు.

మెట్లు దాచేశాను.

ఆదివారం జనం వచ్చారు. పెద్దవాళ్ళొచ్చారు. జనం పై అంతస్తుని చూశారు, పై అంతస్తు జనాన్ని చూసింది. మధ్యలో ఏమీ లేదు. పదినిమిషాలు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నా పేరే అన్నారంతా, ముక్తకంఠంతో. చివరికి అందరూ కిందే కూర్చుని వెళ్ళారు. లాంచీ బాగానే నడిచింది.

మీ అక్క తన తోటివాళ్ళ మధ్య నిలబడి ఉంది. పోలీసు నన్ను తీసుకెళ్తుంటే చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ గదిలో ఉన్నాయన రోజంతా ఒకటే ప్రశ్న.

"మెట్లు ఎక్కడున్నాయి?"

"పైకి పోయాయండీ. మెట్ల పనే అది కదా."

"అమ్మేశావా?"

"ఎవరు కొంటారండీ? కొన్నవాడు ఎక్కడికెక్కుతాడు?"

"చెప్పకపోతే ఇక్కడే ఉంటావు."

"ఇక్కడ ఫ్యాను తిరుగుతోందండీ. మా ఇంట్లో తిరగదు."

నవ్వుకున్నాడు కానీ వదల్లేదు. యజమాని కూడా వచ్చాడు. "రేపట్నుంచి రాకు" అన్నాడు. మామూలుగా అయితే "ఎల్లుండి రానా?" అనేవాణ్ణి. ఈసారి సరేనన్నాను.

చూడు, పోయిన ఉత్తరంలో నిన్ను నోరు మూసుకోమన్నాను. అది కొట్టెయ్. కానీ సంతకం పెట్టమని కూడా నేను చెప్పను. ఉద్యోగం నీది. నా మెట్లు ఎన్నాళ్ళు దొరకవో అన్నాళ్ళు నీకు టైముంది. ఎక్కువ ఉండదు. కొత్త మెట్లు చెయ్యడం గురకకి కూడా వచ్చు.

బావ

*

పరీక్షశాల,
ఖాళీ చేసిన బల్ల

బావా,

నీ ఉత్తరం రాకముందే సంతకం చేశాను. ఇది ముందే చెబుతున్నాను, నీ మెట్లు చూసి పెట్టాననుకుంటావని.

నివేదిక తప్పని, నేనే వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఒకటి లాంచీ ఆఫీసుకి, ఒకటి నువ్వున్న పోలీసు గదికి పంపాను. పెద్దాయన గుమస్తాని పంపి తాళంచెవులు తీసుకున్నారు. ప్రెస్ గది మీదుగా వస్తుంటే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. దారిచ్చారు, అంతే.

లాంచీ ఆఫీసువాళ్ళు జవాబిచ్చారు. బాగుచేసేదాకా పైకి ఎవర్నీ ఎక్కనివ్వరట, బోర్డు కడతారట. ఏం చెయ్యాలో బొమ్మతో సహా రాసి పంపాను. తీసేసిన బద్దె మళ్ళీ పెట్టాలి. పలకలు విప్పి, రివెట్లు మధ్యలోంచి అంచులకి మళ్ళీ కొట్టాలి. ఈసారి రేకు ముందు అలలు తిరిగేలా, బద్దెలు ఆ తర్వాత చాలాసేపు ఓర్చుకునేలా లెక్క మార్చాను. అందంగా ఉండదు. బరువు కాస్త పెరుగుతుంది. పాత లాంచీ అంత కాదు. కానీ చెప్పి కుంగుతుంది, జనం దిగడానికి టైమిస్తుంది.

ఇక మెట్లు ఇచ్చెయ్యి బావా. జనాన్ని ఆపే పని ఇప్పుడు ఆ కాగితానిది. నువ్వు ఇంటికెళ్ళు.

నేను ఏం చేస్తానో తెలియదు. కొన్నాళ్ళు ఇక్కడే వెతుక్కుంటాను. గదిలో సామాను సర్దుతుంటే పొద్దున్నించీ ఒకటే అనిపిస్తోంది. నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

నీ మరదలు

*

ఇల్లు,
గుమ్మం దగ్గర

మరదలా,

నన్ను వదిలేశారు. నీ కాగితం చదివి ఆ గదిలోని ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి "మొన్న ఆదివారం లాంచీకి మా పిల్లల్ని తీసుకొచ్చానయ్యా" అన్నాడు. మెట్ల గురించి అడగడం మర్చిపోయాడు. నేను గుర్తుచెయ్యలేదు.

యజమాని గురకని పంపాడు, రమ్మని. ఫోర్‌మన్‌గా కాదు, దినకూలీకి. నా కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు. పొట్టి కాలు సంగతి వాడికి చెప్పలేదు. వెళ్తున్నాను. పలకలు విప్పుతున్నాం. కొత్తవాళ్ళకి మధ్యలోంచి కొట్టడం చూపిస్తున్నాను. విసుక్కుంటున్నారు, టైము పడుతుందని. ప్రతి పలకా బొటనవేలితో నొక్కి చూశాకే పక్కన పెడుతున్నాను. ఇప్పుడెవరూ దాంతో ఆడటం లేదు.

నువ్వు అక్కడ ఒక్కదానివీ వెతుక్కోవడమెందుకు, ఇక్కడికొచ్చి వెతుక్కో. నీ ఉద్యోగం పోయింది నా దువ్వెన వల్ల. అది నేను జోకుగా రాయలేను, వేరేలా రాయడం నాకు రాదు. వచ్చాక నువ్వే ఏదో ఒకటి అను.

మెట్లంటావా, ఇవ్వను. బోర్డు కట్టారు, నిజమే. 'పైకి ఎక్కరాదు' అని ఎర్ర అక్షరాలు. నేను చూస్తుండగానే ఒకాయన దాని మీద తడి తువ్వాలు ఆరేసి, పైకి పాకడానికి దారి వెతికాడు. సరంగు కాలు పట్టుకుని లాగాడు. సరంగు ఇప్పుడు నవ్వడం లేదు. రోజూ నాతో కలిసి కింది నుంచి ఆ పలకల్ని చూస్తున్నాడు. ఆఖరి పలక బిగించి, దాని మీద నేనూ గురకా యజమానీ ముగ్గురం గెంతి చూశాక మెట్లొస్తాయి. యజమాని గెంతనంటే ఆయన్ని మోసుకుని గెంతుతాను.

మీ అక్క రోజూ లాంచీలో కిందే కూర్చుని పోతోంది, కిందే కూర్చుని వస్తోంది. నాతో మాట్లాడటం లేదు. గిన్నె ముందుకి తోస్తుంది, అంతే. పోలీసు నన్ను తీసుకెళ్ళిన సిగ్గు ఒకటి, నీ ఉద్యోగం ఒకటి, ఏదీ తనకి చెప్పలేదన్న కోపం ఇంకొకటి. పోనీలే. సాయంత్రం లాంచీ కూత వేసే వేళకి నేను గుమ్మంలో కూర్చుంటున్నాను. వీధి మొదట్లో తను కనిపిస్తుంది. నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది. తిప్పుకున్న మొహంతోనే, నడుచుకుంటూ ఇంటికొస్తుంది.

నీ బావ